తాళాలు చేతిలో పెట్టేముందు

పదేళ్లు టమోటా బాక్సులు, మామిడికాయలు, పెళ్లిళ్ల షామియానాలు మోసిన పికప్ బండి ఇంటి ముందు వేపచెట్టు కిందికి చేరుతుంది. కొత్త బండి వచ్చేసింది. పాతదానికి బ్రోకరు చెప్పే రేటు వింటే మనసొప్పదు. ఆ కాస్త డబ్బుకు వాడి చేతిలో పెట్టేకంటే ఏ గోశాలకో, అనాథాశ్రమానికో ఇచ్చేస్తే పుణ్యమన్నా దక్కుతుంది కదా అనే మాట అప్పుడే ఇంట్లో పుడుతుంది. ఒకపక్క మదనపల్లె టమోటా మార్కెట్టు, ఇంకోపక్క గువ్వలచెరువు ఘాటు దిగితే కడప, ఇంటికొకరు కువైట్‌లో అన్నట్టుండే రాయచోటిలో ఇలాంటి బండ్లకూ, ఇలాంటి మనసులకూ కొదవలేదు. ఆలోచన మంచిదే. కానీ అందులో ఒక లెక్క తప్పుతోంది. బండి ధర ఎంతని అందరూ చూస్తున్నారు, పుచ్చుకున్నవాళ్ల దగ్గర అది ఏడాదికి ఎంత తింటుందో ఎవరూ చూడటం లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదీ: వారంలో చాలా రోజులు తిరిగే పని ఉన్నచోటికి తప్ప బండిని బండిగా దానం ఇవ్వకండి. అలాంటి పని లేనిచోట అమ్మి డబ్బివ్వడమో, బండిని మీ దగ్గరే పెట్టుకుని ట్రిప్పులు ఇవ్వడమో మేలు.

ఈ వాదనకు బీజం మన పాత కథల్లోనే ఉంది. కఠోపనిషత్తు మొదలయ్యేదే ఒక దానం గొడవతో. వాజశ్రవసుడు విశ్వజిత్ యాగం చేసి ఉన్నదంతా ఇచ్చేస్తున్నాడు. ఇచ్చే ఆవులను చూస్తే మేత మేసే శక్తి లేదు, నీళ్లు తాగే ఓపిక లేదు, పాలు ఎప్పుడో పిండేశారు, ఇక ఈనేది లేదు. అది చూసి బాధపడ్డవాడు పక్కనే నిలబడ్డ ఆయన కొడుకు, చిన్నపిల్లవాడైన నచికేతుడు. వట్టిపోయిన ఆవుకైనా మేత వేయాల్సిందే. దాన్ని పుచ్చుకున్న బ్రాహ్మడి ఇంట ఆ రోజు నుంచి ఖర్చు పెరిగిందే తప్ప కుండెడు పాలు రాలేదు. సెల్ఫ్ కొడితే పట్టని ఇంజను, గుండు టైర్లు, కమాను కట్టలు కుంగిన పికప్ కూడా అచ్చం ఆ ఆవే. తేడా ఏమిటంటే, ఆవు మేయకపోతే చచ్చిపోతుంది, బండి తిరగకపోయినా ఇన్సూరెన్సు అడుగుతూనే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం 2022 జూన్‌లో 16,049 రూపాయలుగా ఖరారైంది, జీఎస్టీ అదనం. దాన్ని 17,000 అనుకుందాం. డ్రైవరు జీతం నెలకు 12,000 వేసుకుంటే ఏడాదికి 1,44,000. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. తనిఖీకి నిలబెట్టే ముందు లైట్లు, బ్రేకులు, రేడియం స్టిక్కర్లు, పెయింటు అన్నీ చూసుకోవాలి. ఎఫ్‌సీ, ట్యాక్సు, రిపేర్లు, టైర్లు అన్నీ కలిపి 40,000 అనుకోండి, పాత బండికి ఇది తక్కువే. అంటే చక్రం కదలకముందే 2,01,000. రాయచోటి నుంచి కడప పోయి రావడానికి నూరు కిలోమీటర్ల పైన. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తే ట్రిప్పుకు డీజిలు 850 రూపాయలు. వారానికి ఒక ట్రిప్పు వేసే ఆశ్రమానికి ఏడాదిలో డీజిలు 44,200, మొత్తం ఖర్చు 2,45,200. అదే ట్రిప్పుకు బాడుగ బండి 3,000 తీసుకుంటుందనుకుంటే 52 ట్రిప్పులకు అయ్యేది 1,56,000. ‘ఉచితంగా’ వచ్చిన బండి ఆ ఆశ్రమానికి ఏడాదికి దాదాపు 90,000 రూపాయల నష్టం తెచ్చింది. రెండేళ్లు గడిస్తే, బ్రోకరు ఇస్తానన్న ధర ఆశ్రమం జేబులోంచే పోతుంది. ఈ అంకెలు నేను వేసుకున్న అంచనాలు, మీ ఊరి జీతం, మీ ఊరి బాడుగ వేసుకుని మళ్లీ చూడండి. అంకెలు మారినా లెక్క ఆకారం మారదు: ఏడాదికి 93, 94 ట్రిప్పుల దాకా, అంటే ఇంచుమించు వారానికి రెండు ట్రిప్పుల దాకా బాడుగ బండే చౌక. ఆ గీత దాటాక సొంత బండి గెలవడం మొదలవుతుంది. 300 రోజులు తిరిగే చోట బాడుగ 9 లక్షలైతే, రిపేర్లు రెట్టింపు వేసుకున్నా సొంత బండి 5 లక్షల లోపు ముగుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్న బండి ఎలా ఉందని కాదు, వాళ్లకు రోజూ ఏం పని ఉందని. రోజూ వంట చేసి నాలుగుచోట్లకు అన్నం చేరవేసే నిత్యాన్నదానం వాళ్లకు బండి అవసరమే. వీరభద్రస్వామి ఉత్సవాల నాడు మాత్రమే పందిరి వేసే సంఘానికి అవసరం లేదు. గోశాల అనగానే బండి ఇవ్వొచ్చు అనుకుంటారు గానీ అక్కడా ఆగి చూడాలి. వరిగడ్డికి బరువు తక్కువ, పట్టే చోటు ఎక్కువ. పికప్ నిండా, డాలా మీద నిలువెత్తు కట్టి తాళ్లు బిగించినా వచ్చేది నాలుగు రోజుల మేత. ఎండుగడ్డి లారీల్లో, ట్రాక్టరు ట్రాలీల్లో తెచ్చి వామి వేసుకునేదే. అదే గోశాల రోజూ పొద్దున్నే పచ్చిమేత కోసుకొచ్చేదీ, మార్కెట్లో మిగిలిన కూరగాయలు ఎత్తుకొచ్చేదీ అయితే పికప్ బంగారం. వేసవి నీళ్ల సరఫరా ఇంకో మంచి ఉదాహరణ, ఇక్కడ బండి రకం కూడా చూడాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే టన్ను, ట్యాంకు బరువు వేరు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ మోసేది 750 కిలోలు. దానిమీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టినవాళ్లు సగం నింపి తిప్పుతారు, సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపు దగ్గర ఒక పక్కకు కొట్టుకుని బండిని లాగుతాయి. ఏస్ ఇస్తే 500 లీటర్ల ట్యాంకుతో ఇవ్వండి, వెయ్యి లీటర్లు కావాలంటే 1.3 టన్నుల బొలెరో లాంటిది ఉండాలి. ఘాటు దిగే బండికైతే బ్రేకులు మీ ఖర్చుతో బాగు చేయించే ఇవ్వాలి. గువ్వలచెరువు మలుపులు పాలకోవాకు ఎంత పేరో ప్రమాదాలకూ అంతే పేరు.

దీనికి మొదటి అభ్యంతరం బ్రోకరు రేటు. ‘అమ్మితే ఏమొస్తుంది, చవగ్గా కొట్టేస్తాడు’ అంటారు. సరే, బండి అక్కరలేని ఆశ్రమానికి ఇచ్చారు, వాళ్లు ఏం చేస్తారు? ఏడాది ఎండలో పెట్టి, ఆ తర్వాత అదే బ్రోకరును పిలుస్తారు. అప్పటికి బ్యాటరీ చచ్చి, టైర్లు పగుళ్లిచ్చి రేటు ఇంకా దిగుతుంది. బండి గుణం తెలిసినవారు మీరు, ఏ మెకానిక్ ఎప్పుడు క్లచ్ మార్చాడో చెప్పగలిగేవారు మీరు. అమ్మే పనిలో ఆశ్రమం స్వామి కంటే మీరే గట్టివారు. కేరళలో గురువాయూరు దేవస్థానానికి 2021 డిసెంబరులో మహీంద్రా కంపెనీ కొత్త థార్ సమర్పించింది. ఆ నెలలోనే వేలం వేస్తే పాడుకునేందుకు ఒక్కరే వచ్చారు, 15 లక్షల పది వేలకు పోయింది. వివాదం రేగి 2022 జూన్‌లో మళ్లీ వేలం పెడితే అదే బండి 43 లక్షలు పలికింది. గుడిని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. అంత పేరున్న దేవస్థానానికే బండిని డబ్బుగా మార్చడంలో అంత తేడా వస్తే, ముగ్గురు మనుషులతో నడిచే ఆశ్రమానికి ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు. అమెరికాలో పాత కార్లు, పికప్‌లు దానం చేయడం ఎప్పటి నుంచో ఉన్నదే, అక్కడి మన తెలుగువాళ్లకూ అది తెలిసిన సంగతే. అయితే ఆ బండ్లలో చాలావాటిని సంస్థలు వేలానికే పంపుతాయి. దాతలు తోచిన ధర రాసుకుని పన్ను మినహాయింపు తీసుకోవడం శ్రుతిమించాక 2004లో చట్టం తెచ్చి, 2005 నుంచి 500 డాలర్లు దాటిన వాహనానికి మినహాయింపును, సంస్థ దాన్ని అమ్మేస్తే, ఆ అమ్మకం ధరకే కట్టేశారు. బండి రూపంలో ఇచ్చినా చివరికి అందేది డబ్బేనని అక్కడి చట్టమే ఒప్పుకుందన్నమాట. మన దగ్గర అంత కూడా లేదు. ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే 80జీ మినహాయింపు డబ్బుకే, వస్తువుకు వర్తించదు. అదీ నగదైతే 2,000 రూపాయలు దాటితే రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. పాత విధానంలో ఉన్నవారు బండి అమ్మి, ఆ డబ్బును 80జీ ఉన్న సంస్థకు బ్యాంకు ద్వారా పంపితే రసీదుకు విలువ ఉంటుంది. బండినే ఇస్తే దండం తప్ప ఏమీ మిగలదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది, దాన్ని తేలిగ్గా తోసెయ్యను. ‘డబ్బిస్తే ఎవరి జేబులోకి పోతుందో తెలియదు, బండైతే కళ్లకు కనబడుతుంది, తలుపు మీద నాన్న పేరు రాయించుకోవచ్చు’ అంటారు. నిజమే, డబ్బుకు చిరునామా ఉండదు. కానీ బండికి మాత్రం ఉందా? ధర్మానికిచ్చిన పికప్ సంఘం పెద్ద మామిడితోటలో కాయలు ఎత్తుతుంటే తలుపు మీది నాన్న పేరు దాన్ని ఆపలేదు. నమ్మకం లేని చోట బండిచ్చినా ఒకటే, డబ్బిచ్చినా ఒకటే, అక్కడ ఇవ్వకపోవడమే దారి. నమ్మకం ఉండి డబ్బు చెదిరిపోతుందని మాత్రమే భయమైతే, బండి అమ్మిన డబ్బును నేరుగా ఖర్చుకు కట్టండి: బియ్యం కొట్టుకు ఆర్నెల్ల పద్దు కట్టొచ్చు, బాడుగ బండివాడికి యాభై ట్రిప్పుల బాడుగ మాట్లాడి ఇవ్వొచ్చు. నాన్న పేరు బియ్యం రసీదు మీద కూడా రాయించవచ్చు, తలుపు మీదకంటే అక్కరకొచ్చే చోట ఉంటుంది. ఇక మూడోది, ‘వద్దనుకుంటే వాళ్లే చెప్తారు కదా’ అనే మాట. చెప్పరు. ఇంటికొచ్చి దండ వేసి తాళాలు ఇస్తామన్న దాతను వద్దనేంత ధైర్యం చిన్న సంస్థకు ఉండదు, ఈసారి వద్దంటే వచ్చేసారి బియ్యం బస్తా కూడా రాదేమోనని భయం. అందుకే అడిగే తీరు మార్చాలి. ‘మా బండి ఇస్తాం, తీసుకుంటారా’ అని కాకుండా ‘బండి కావాలా, దాని వెల కావాలా, లేకుంటే వారానికి ఒక రోజు మా బండి పంపమంటారా’ అని మూడూ ముందుపెట్టి, జవాబుకు రెండు రోజులు టైమివ్వండి.

ఇవ్వడమే సరైన చోటు దొరికిందనుకుందాం. ఇక్కడ చట్టం ఒక వింత పని చేస్తుంది, దాన్ని అర్థం చేసుకోకుండా ఇచ్చినవారే ఎక్కువ చిక్కుల్లో పడతారు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం చరాస్తిని దానం చేయడానికి రిజిస్టరు పత్రం ఉండాల్సిన పని లేదు, అప్పగిస్తే చాలు. అంటే తాళాలు ఇచ్చి, వాళ్లు పుచ్చుకున్న క్షణానే బండి వాళ్లదైపోయింది. కానీ రోడ్డు మీద జరిగేదానికి బాధ్యత తాళాలతో పోదు, ఆర్సీతో ఉంటుంది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చిచెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం నాటికి ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే చట్టం దృష్టిలో ఓనరు, పరిహారం బాధ్యతా వాళ్లదే. కాబట్టి దానం ఇచ్చి పేరు మార్పించనివాడు పుణ్యాన్ని వదులుకుని పాపాన్ని దగ్గర పెట్టుకున్నట్టు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ఇచ్చేవాళ్లకు 14 రోజులు, పుచ్చుకునేవాళ్లకు 30 రోజులు గడువు పెట్టింది. ఫారం 29, ఫారం 30 రెండూ వేయాలి. ఫైనాన్సు తీరిపోయినా ఆర్సీలో హెచ్‌పీ (ఫైనాన్సు నమోదు) అలాగే మిగిలిపోయి ఉండొచ్చు, ఫారం 35తో దాన్ని తీయించకుండా పేరు మారదు. పాత చలాన్లు, ట్యాక్సు బకాయిలు మీరే కట్టేయాలి. సంతకాలు పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు చేతిలో పెట్టి ‘మీకు వీలైనప్పుడు మార్చుకోండి’ అనడం మన దగ్గర మర్యాదగా చలామణీ అవుతోంది. అంత ప్రమాదకరమైన మర్యాద ఇంకొకటి లేదు. కువైట్‌లో ఉండి తమ్ముడి చేత బండి ఇప్పించేవారు మరీ జాగ్రత్త: రాయచోటిలో ప్రమాదం జరిగితే నోటీసు వచ్చేది మీ పేరుకే. సెలవు మీద వచ్చినప్పుడు దగ్గరుండి మార్పించండి, అంతదాకా బండి మీ షెడ్డులోనే ఉండనివ్వండి.

పేరు మార్చేటప్పుడు ఎవరి పేరుకు అనే ప్రశ్న వస్తుంది, అసలు కిటుకు అక్కడే ఉంది. రిజిస్టరైన ట్రస్టుకో సొసైటీకో అయితే ఆర్సీ ఆ సంస్థ పేరుకే వస్తుంది. రిజిస్ట్రేషను లేని యువజన సంఘానికి, గుడి కమిటీకి ఇస్తే ఆర్సీ చివరికి అధ్యక్షుడి పేరు మీద చేరుతుంది. కమిటీ మారిన రోజు బండి అధ్యక్షుడి ఇంట్లోనే ఉంటుంది, ఆయన తదనంతరం కొడుకు ఆస్తి అవుతుంది, ఎవరూ దొంగలు కాకుండానే దానం దారి తప్పుతుంది. ప్రభుత్వాసుపత్రికో మునిసిపాలిటీకో ఇద్దామనుకుంటే బండి వయసు చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషను రెన్యువల్ లేదు. పదమూడేళ్ల బండి వాళ్లకు రెండేళ్ల బండే. డ్రైవరు విషయంలో మాత్రం ఈమధ్య ఒక మేలు జరిగింది: 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని ఖాయం చేసింది. కారు లైసెన్సున్న ఆశ్రమం కుర్రాడు పికప్ నడపొచ్చు. మూడు టన్నుల లోపు మొత్తం బరువున్న సరుకు బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. కానీ ఆ కుర్రాడికి ఒక మాట గట్టిగా చెప్పి ఇవ్వాలి: వెనక మనుషులను ఎక్కించొద్దు. గుడికి పోయే ఆడవాళ్లైనా, స్కూలుకు పోయే పిల్లలైనా, సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని 2002లోనే ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత పికప్‌ను అంబులెన్సుగా మార్చి ఇద్దామనే ఉత్సాహాన్నీ మానుకోండి. అంబులెన్సుకు వేరే ప్రమాణాలున్నాయి, ఆర్టీఓ అనుమతి లేకుండా బాడీ మార్చడమే 52వ సెక్షను కింద తప్పు.

ఇన్ని చెప్పాక నాకు అన్నిటికంటే నచ్చిన దారి చెబుతాను: బండి ఇవ్వకండి, ట్రిప్పులు ఇవ్వండి. ఆర్సీ మీది, ఇన్సూరెన్సు మీది, బండి గుణం తెలిసిన డ్రైవరు మీవాడు. వారానికి ఒక రోజు ఆశ్రమానికి, నెలకు రెండు రోజులు గోశాలకు అని కట్టుబడితే వాళ్లకు ఖర్చు లేదు, మీకు బండి మీద పట్టు పోదు. మిగతా రోజుల సంపాదన ఆ డీజిలుకు సరిపోతుంది. దీనికి గొప్ప ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. అలాంటి రోజున మొదటి పది రోజులు దుప్పట్లు, నీళ్లు, బియ్యం మోసే బండికి ఉండే విలువ, ఆరు నెలల తర్వాత దండ వేసి ఇచ్చే బండికి ఉండదు. అప్పుడు కావలసింది పేపర్లు సరిగ్గా ఉండి, డీజిలు నిండి, ‘పోదాం పద’ అంటే కదిలే పికప్. దానం ఇచ్చేసిన ఇంట్లో అది ఉండదు.

ఏదీ కుదరనంత పాతబడి, ఎఫ్‌సీ కూడా రాని బండి అయితే దాన్ని ఎవరికీ అంటగట్టకండి. రిజిస్టరైన స్క్రాపింగ్ సెంటరుకు పంపితే తుక్కు ధర వస్తుంది, ఆర్సీ రద్దవుతుంది, వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త సరుకు బండికి వాహన పన్నులో 15 శాతం దాకా రాయితీ ఇచ్చేలా కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ తుక్కు డబ్బు ఇవ్వండి, బండి ఇచ్చిన దానికంటే శుభ్రంగా ఉంటుంది.

ఇవ్వాలనే తేలితే, ఇచ్చే రోజు ఒక ఏడాది ఇన్సూరెన్సు కట్టి, ఎఫ్‌సీ చేయించి, స్టెప్నీ, జాకీ, పట్ట సీటు వెనక పెట్టి ఇవ్వండి. ఫాస్టాగ్ పీకి బ్యాంకులో మూసేయండి, లేకుంటే వాళ్లు దాటిన ప్రతి టోల్ గేటు డబ్బూ మీ ఖాతాలోంచే పోతుంది. మీటరు రీడింగు ఫోటో తీసుకోండి. రెండు కాపీల అప్పగింత కాగితం రాసుకుని తేదీతో పాటు టైము కూడా వేయండి, ఇద్దరూ సంతకం పెట్టండి. పేరు మారిందని ఆర్టీఓ నుంచి మెసేజి వచ్చేదాకా ఆ కాగితం బీరువాలో ఉంచుకోండి. ఆ మెసేజి ఇంకా మీ నంబరుకే వస్తోందో లేదో కూడా ముందే చూసుకోండి, పదేళ్ల కింద ఇచ్చిన సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో చాలామందికి గుర్తుండదు.